అన్ని సబ్జెక్టులకూ ఒకే రకం నోట్స్ రాస్తే ఎక్కడ దెబ్బతింటాం

ఇంటర్ చదివే పిల్లల లాంగ్ నోట్‌బుక్కులు నాలుగు తెరిచి పక్కపక్కన పెడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎర్ర పెన్నుతో హెడింగు, దాని కింద రెండు గీతలు, నీలం పెన్నుతో వరుసగా పాయింట్లు, అక్కడక్కడా స్టార్ గుర్తు పెట్టి ‘ఇంపార్టెంట్’ అన్న మాట. బడిలో అలవాటైన ఈ పద్ధతే డిగ్రీ దాకా, ఆ తర్వాత గ్రూప్స్ ప్రిపరేషన్ దాకా వెంట వస్తుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. పరీక్ష హాల్లో మాత్రం సగం సబ్జెక్టుల్లో ఆదుకోదు.

దీనికి చేతిరాతను గానీ, కష్టపడడం లేదని పిల్లలను గానీ తప్పుపట్టి లాభం లేదు. ఒక్కో సబ్జెక్టులో మనం మరిచిపోయేది ఒక్కో రకంగా ఉంటుంది. లెక్కల్లో సూత్రం గుర్తుంటుంది, మొదలు ఎక్కడ పెట్టాలో తోచదు. బోటనీలో విషయం అర్థమై ఉంటుంది, పేరు నోటికి రాదు. చరిత్రలో తేదీలు గుర్తుంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న సంబంధం జారిపోతుంది. అకౌంట్స్‌లో పద్ధతంతా తెలిసి కూడా ఒక్క సర్దుబాటును రెండోచోట రాయకపోతే ఆస్తి అప్పుల పట్టీ కలవదు. మనం ఎక్కడ తడబడతామో అక్కడ పనికొచ్చేదే నోట్స్. కాబట్టి ఏ సబ్జెక్టు నోట్స్ ఎలా ఉండాలన్నది ఆ సబ్జెక్టులో జరిగే మరుపును బట్టే తేలాలి.

అసలు నోట్స్ వల్ల జరిగే పనులు రెండు. రాస్తున్నప్పుడు విషయం మనసులో కుదురుకోవడం మొదటిది. రాసి పెట్టుకున్నది తర్వాత తిరగేసుకోవడానికి దొరకడం రెండోది. 1972లో ఫ్రాన్సిస్ డివెస్టా, సూసన్ గ్రే అనే అమెరికా పరిశోధకులు ఈ రెండింటినీ విడదీసి చూపించారు. అప్పటి నుంచి నోట్స్ మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ విభజన మీదే నడిచింది. మన దగ్గర జిరాక్స్ సెంటర్లో కొనే మెటీరియల్, సీనియర్ల దగ్గర తెచ్చుకునే స్పైరల్ బైండింగు, టెలిగ్రామ్‌లో దిగే టాపర్ నోట్స్ పీడీఎఫ్ రెండో పనే చేస్తాయి. మొదటి పని టాపర్‌కు అప్పుడే జరిగిపోయింది, కొన్నవాళ్లకు జరగలేదు. అంతమాత్రాన ఇంకొకరి నోట్స్ దండగని కాదు. క్లాసు పోయినప్పుడు, లెక్చరర్ చెప్పింది సగమే అందినప్పుడు అది పెద్ద ఆసరా. కానీ దాన్ని చదవడంతో పని అయిపోయిందనుకుంటే, అసలు లాభం వేరేవాళ్ల దగ్గరే ఉండిపోయినట్టు.

క్లాసులో చెప్పింది చెప్పినట్టు దింపుకునే రన్నింగ్ నోట్స్‌కూ ఇదే చిక్కు ఉంది. చెయ్యి పరుగెడుతుంది, తలకు పని తక్కువ. 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ చేసిన ప్రయోగాల్లో ల్యాప్‌టాప్ మీద టైప్ చేసిన విద్యార్థులు ఎక్కువ మాటలు రాశారు, ఎక్కువగా ఉన్నవి ఉన్నట్టు రాశారు. అర్థం చేసుకుని చెప్పాల్సిన ప్రశ్నల్లో చేత్తో రాసినవాళ్లు మెరుగ్గా చేశారు. తర్వాత వేరేవాళ్లు అవే ప్రయోగాలు మళ్లీ చేసినప్పుడు తేడా అంత గట్టిగా కనబడలేదు కాబట్టి, పెన్నే గొప్పదని తీర్పు చెప్పేయడం తొందరపాటు. అందులోంచి తీసుకోదగ్గ మాట ఒకటుంది. విన్నదాన్ని ఒక్క క్షణం ఆగి సొంత మాటల్లోకి మార్చుకుని రాయడమే ఉపయోగం. డిక్టేషన్‌లో ఆ క్షణం దొరకదు. పెన్నుతో రాసినా, ఫోన్లో కొట్టినా అంతే.

ఇక తిరగేయడం సంగతి. జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించిన మరుపు రేఖ మొదట్లో నిట్టనిలువుగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నేర్చుకున్న తొలి గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుందన్నమాట. దానికి అందరూ చేసే వైద్యం మళ్లీ మళ్లీ చదవడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అచ్చంగా దీన్నే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తొచ్చినదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 42 శాతమే మిగిలితే, రాసినవాళ్లకు 56 శాతం మిగిలింది. పరీక్షకు ముందురోజు రాత్రి నోట్స్ తిరగేస్తుంటే అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, తీరా ప్రశ్నాపత్రం చూస్తే ఎందుకు రాదో ఈ అంకెల్లో ఉంది. పేజీ కళ్లకు పరిచయమైతే చాలు, మనకు వచ్చేసిందని మనసు నమ్మేస్తుంది.

2013లో జాన్ డన్లోస్కీ బృందం పది చదువు పద్ధతులను బేరీజు వేసింది. మన పిల్లలు ఎక్కువగా నమ్ముకునే రెండు, అంటే మళ్లీ చదవడం, మార్కర్‌తో గీతలు గీయడం, కింది వరుసలోనే నిలిచాయి. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడదీసి చదవడం పై వరుసలో ఉన్నాయి. అంటే చదువుకోవడానికి మాత్రమే వీలుగా ఉన్న నోట్స్ సగం నోట్సే. మూసి పెట్టి అడగడానికి కూడా వీలుండాలి. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి కిటుకు ఇదే. పేజీకి ఎడమ పక్క వెడల్పాటి ఖాళీ వదిలి, క్లాసయ్యాక అందులో ప్రశ్నలు రాసుకోవాలి. కుడి పక్కను చేత్తో మూసి, ప్రశ్న చూసి జవాబు చెప్పుకోవాలి. మన లాంగ్ నోట్‌బుక్కుల్లో ఎడమ పక్క ఎర్ర గీతతో మార్జిన్ ఎలాగూ అచ్చు వేసే వస్తుంది. దాంట్లో ప్రశ్న నెంబరు తప్ప ఇంకేమీ రాయనివ్వరు. దాన్ని కాస్త వెడల్పు చేసుకుంటే చాలు.

ఇంతవరకూ అన్ని సబ్జెక్టులకూ చెల్లే మాటలు. దారులు వేరయ్యేది ఇక్కడి నుంచి.

లెక్కల నోట్స్ గురించి మాట్లాడాలంటే రామానుజన్‌ను తలుచుకోవాలి. కుంభకోణంలో ఆయనకు పదహారేళ్ల వయసులో దొరికిన జి.ఎస్. కార్ పుస్తకం నిజానికి ఒక ట్యూషన్ మాస్టారి నోట్సే. కార్ కేంబ్రిడ్జి గణిత పరీక్షలకు పిల్లలను తయారు చేసేవాడు. ఆ పాఠాల కోసం కూర్చుకున్న దాదాపు 5,000 ఫలితాలే పుస్తకమయ్యాయి. రుజువులు చాలా చోట్ల లేవు, ఉన్నచోట ఒకటి రెండు వాక్యాలు. మామూలు లెక్కన అది చాలా పేలవమైన నోట్స్. రామానుజన్‌కు పనికొచ్చిందంటే, లేని రుజువులను ఆయన తానే చేసుకుంటూ పోవడం వల్ల. పలక మీద లెక్క చేసి, తుడిచేసి, తేలిన ఫలితాన్ని మాత్రమే నోట్‌బుక్కులోకి ఎక్కించేవాడు, కాగితం ఖరీదు కాబట్టి. ఆయన నోట్‌బుక్కుల్లో ఉన్న మూడు వేలకు పైగా ఫలితాలకు రుజువులు సమకూర్చి అచ్చు వేయడానికి అమెరికా గణిత శాస్త్రవేత్త బ్రూస్ బెర్న్‌ట్‌కు 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలు పట్టాయి. ఫలితం మాత్రమే రాసుకునే నోట్స్ రాసినవాడికే పనికొస్తుందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

మన ఇంటర్ పిల్లల మ్యాథ్స్ నోట్స్‌లో ఇందుకు పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. మెట్లన్నీ ఉంటాయి, ఏ మెట్టు ఎందుకు వేశామన్న మాట ఉండదు. పేర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్‌లో వచ్చే హోమోజినైజేషన్ లెక్కనే తీసుకుందాం. ఏళ్ల తరబడి ఏడు మార్కుల ప్రశ్నగా వచ్చిన లెక్క ఇది. ఒక వృత్తం, దాన్ని కోసే ఒక సరళరేఖ ఇస్తారు. ఆ రెండు ఖండన బిందువులనూ మూలబిందువుతో కలిపే రేఖల మధ్య లంబకోణం ఉండడానికి నియమం అడుగుతారు. రేఖ సమీకరణాన్ని ఒకటికి సమానం చేసి, దాంతో వృత్తం సమీకరణంలోని పదాలన్నింటినీ రెండో తరగతికి (డిగ్రీకి) తెచ్చి, రెండు వర్గపదాల గుణకాల మొత్తాన్ని సున్నా చేయడం అందరి నోట్స్‌లోనూ ఉంటుంది. ఎందుకలా తేవాలి? మూలబిందువు గుండా పోయే రేఖల జతను చూపే సమీకరణంలో అన్నీ రెండో తరగతి పదాలే ఉంటాయి కాబట్టి. ఈ ఒక్క వాక్యం మార్జిన్‌లో ఉంటే, వృత్తానికి బదులు వేరే వక్రం ఇచ్చినా చెయ్యి ఆగదు. అది లేనివాళ్లు లెక్కను పద్యంలా కంఠతా పట్టి, అంకెలు మారగానే ఆగిపోతారు. ఎంతో మంది తెలివైన పిల్లలు ‘మ్యాథ్స్ నాకు రాదు’ అని తేల్చేసుకునేది సరిగ్గా ఇక్కడే.

అందుకే లెక్కల నోట్స్‌లో మూడు సంగతులు ఉంటే చాలు, సాధించిన లెక్కలన్నీ ఫెయిర్ చేసుకోనక్కర్లేదు. ప్రశ్నలో ఏ మాట కనబడితే ఏ పద్ధతి గుర్తుకు రావాలో ఒక వరుస. ప్రతి పద్ధతిలోనూ మలుపు తిప్పే మెట్టుకు కారణం. అన్నిటికంటే విలువైనది, తాను చేసిన తప్పుల పట్టీ. గుర్తు మార్చడం మరిచిన చోటు, హద్దు తప్పు వేసిన సమాకలనం, సున్నాతో భాగించేసిన సందర్భం, ఇవన్నీ తేదీ వేసి రాసుకుంటే నెల తిరిగేసరికి ఒకే తప్పు ఐదారుసార్లు కనిపిస్తుంది. గైడ్లో అది దొరకదు, ఎందుకంటే అది ఆ ఒక్క విద్యార్థికి సంబంధించినది.

ఎంసెట్ అని మనమంతా ఇప్పటికీ పిలుచుకునే పరీక్షకు చదివేవాళ్లకు ఇంకో అవసరం ఉంది. ఇంజనీరింగ్ పేపర్లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అక్కడ మెట్ల కంటే గుర్తుపట్టే వేగం ముఖ్యం. బోర్డు పరీక్షకూ దానికీ ఒకే నోట్స్ పెట్టుకుంటే రెండింట్లో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. బోర్డు నోట్స్ పక్కనే చిన్న పుస్తకంలో ఎంట్రెన్స్‌కు పనికొచ్చే సత్వర పద్ధతులు విడిగా పెట్టుకోవడం మేలు.

ఫిజిక్స్‌లో ఎక్కువ మంది డెరివేషన్ మొత్తం రాసుకుని ఊహలను వదిలేస్తారు. సరళ లోలకం డోలనావర్తన కాలం రాబట్టేటప్పుడు కోణం చాలా చిన్నదని అనుకున్నాం కాబట్టే ఆ సూత్రం వచ్చింది. బెర్నౌలీ సూత్రం రాసేటప్పుడు ద్రవానికి స్నిగ్ధత లేదని, దాని సాంద్రత మారదని, ప్రవాహం ధారారేఖల్లో సాగుతోందని ముందే అనుకున్నాం. నాలుగు మార్కుల జవాబులో ఆ ఊహలకు మార్కు ఉంటుంది, ఎంట్రెన్స్‌లో ప్రశ్నే వాటి మీద వస్తుంది. కాబట్టి డెరివేషన్‌కు పైన బొమ్మ, ఊహలు, చివర ప్రమాణాలు రాసుకుంటే మధ్యలో మెట్లు పుస్తకం చూడకుండా కట్టుకోవచ్చు.

కెమిస్ట్రీ ఒక సబ్జెక్టు పేరుతో వచ్చే మూడు సబ్జెక్టులు. ఫిజికల్ కెమిస్ట్రీకి లెక్కల నోట్స్ పద్ధతే సరిపోతుంది. ఇనార్గానిక్‌లో సాధారణ ధోరణి ఎవరికైనా గుర్తుంటుంది, మార్కులు పోయేది దాన్ని తప్పే చోట్ల. పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి అయనీకరణ శక్తి పెరుగుతూ పోవాలి, అయినా ఆక్సిజన్ కంటే నైట్రోజన్‌ది ఎక్కువ, ఎందుకంటే నైట్రోజన్‌లో పీ ఆర్బిటాళ్లు సరిగ్గా సగం నిండి స్థిరంగా ఉంటాయి. ఎలక్ట్రాన్ అఫినిటీలో ఫ్లోరిన్ కంటే క్లోరిన్ ముందుంటుంది, ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది కావడం వల్ల. ఇలాంటి మినహాయింపులన్నీ కారణంతో సహా ఒకే పేజీలో ఉంటే పరీక్షకు ముందు ఆ ఒక్క పేజీ చాలు. ఆర్గానిక్‌లో చర్యలను ఒకదాని కింద ఒకటి పేర్చడం వల్ల నష్టమే ఎక్కువ. కలగలిసిపోయేవాటిని పక్కపక్కన పెట్టాలి. ఇథైల్ ఆల్కహాల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 413 కెల్విన్ దగ్గర వేడి చేస్తే ఈథర్ వస్తుంది, 443 దగ్గర ఇథిలీన్ వస్తుంది. రెండు వేర్వేరు పేజీల్లో రాసుకున్న విద్యార్థి పరీక్షలో వాటిని తారుమారు చేస్తాడు. ఒకే గీత మీద, రెండు బాణాలతో రాసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. ఒక్కో సమ్మేళనాన్ని మధ్యలో పెట్టి దేన్నుంచి అది వస్తుందో, దాన్నుంచి ఏమేం వస్తాయో బాణాలు గీసుకుంటూ పోతే ‘దీన్నుంచి దాన్ని ఎలా తయారు చేస్తారు’ అన్న ప్రశ్న దారి వెతుక్కోవడమంత తేలికవుతుంది.

బోటనీ, జువాలజీ నోట్స్‌లో బొమ్మే నోట్స్. దీనికి తెలుగు నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, అక్కడ ఉండకూడని కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవిలో కనిపించే నల్లటి రంగు రేణువులు కనిపించాయి. ఆ రోజు ఆయన నోట్‌బుక్కులో ఆ కణాల బొమ్మలు, పక్కన వివరాలు ఉన్నాయి. ఆ దోమ ఏ జాతిదో ఆయనకు అప్పటికి తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని కంటికి కనిపించినట్టు వర్ణించి రాసుకున్నాడు. అనాఫిలిస్ అన్న పేరు తర్వాత అతికింది. 1902లో నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధనకు ఆ పేజీ మొదలు. ముందు చూసింది గీయడం, తర్వాత పేరు పెట్టడం అన్న ఆ వరుసే జీవశాస్త్రంలో సరైన వరుస.

మన దగ్గర ఇది తలకిందులవుతుంది. అదే మలేరియా పరాన్నజీవి జీవితచక్రం ఇంటర్ జువాలజీలో ఏళ్ల తరబడి ఎనిమిది మార్కుల ప్రశ్నగా వచ్చింది. పిల్లలు స్పోరోజాయిట్, క్రిప్టోజాయిట్, ట్రోఫోజాయిట్, సిగ్నెట్ రింగ్, రోజెట్, మీరోజాయిట్ అని పేర్లన్నీ పాఠంలా బట్టీ పట్టి, చివర టైం మిగిలితే బొమ్మ వేస్తారు. బదులుగా ఒక ఖాళీ వలయం గీసి, దాని మీద కాలేయం, ఎర్ర రక్తకణం, దోమ అని మూడు చోట్లు మాత్రం రాసుకుని, మిగతా దశలు చూడకుండా నింపడానికి ప్రయత్నించాలి. వైవాక్స్ రకంలో రక్తంలో జరిగే చక్రానికి 48 గంటలు పడుతుంది, చలిజ్వరం కూడా దాదాపు రోజు విడిచి రోజు అలాగే వస్తుంది. ఆ సంబంధం వలయం మీదే రాసుకుంటే, ఎర్ర రక్తకణాలు పగిలే దశ ఎక్కడుందో మళ్లీ మరవరు. నోట్స్‌లో బొమ్మ ఒక్కసారే అందంగా వేసి రంగులు అద్దడం కంటే, రఫ్ కాగితం మీద ఐదుసార్లు వంకరగా వేయడం ఎక్కువ నేర్పుతుంది. రికార్డుకు అందం కావాలి, అక్కడ వేయనివ్వండి. పోల్చుకోవలసినవి, అంటే ద్విదళబీజ కాండం పక్కన ఏకదళబీజ కాండం, సమవిభజన పక్కన క్షయకరణ విభజన, ఎప్పుడూ ఎదురెదురు పేజీల్లో ఉండాలి.

చరిత్రకు వచ్చేసరికి తేదీల పట్టికలు పేజీల కొద్దీ పెరుగుతాయి. తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల ఏర్పాటు చదివేవాళ్లు 1952, 1953, 1956, 1969, 1972, 1973, 2014 అని వరుసగా రాసుకుంటారు. పట్టిక తప్పు కాదు, కానీ అది కథ చెప్పదు. అదే కాలాన్ని ఉద్యోగాలు అన్న ఒక్క దారంతో చూస్తే ఎలా ఉంటుందో గమనించండి. హైదరాబాద్ రాష్ట్రంలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు ఉన్నాయి. 1952లో వాటి అమలు గురించే ఆందోళన వచ్చింది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఉద్యోగాలకు రక్షణలు రాశారు. అవి అమలు కాలేదన్న కోపంలోంచి 1969 ఉద్యమం పుట్టింది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దానికి రాజీగా 1973లో ఆరు సూత్రాల పథకం, దాని అమలుకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, అవీ సరిగా నడవలేదన్న ఫిర్యాదుతో, స్థానికేతరులను వెనక్కి పంపాలంటూ 1985లో 610 జీవో. ప్రతి ఏడాదీ దాని ముందు ఏడాదికి జవాబుగా వచ్చింది. ఇలా బాణాలతో రాసుకున్నవాళ్లు ఒక తేదీ మరిచిపోయినా ముందూ వెనకా చూసి దాదాపు పట్టుకోగలరు. గ్రూప్స్ మెయిన్స్‌లో వ్యాసం రాయాల్సి వస్తే వెన్నెముక కూడా ఇదే. నీళ్లు, నిధులు అన్న ఇంకో రెండు దారాలతో ఇదే కాలాన్ని మళ్లీ రాసుకోవచ్చు.

ఎకనామిక్స్‌లో గ్రాఫు గీసి అక్షాల పేర్లు మరిచిపోవడం, రేఖ మీద కదలికకూ రేఖే జరగడానికీ తేడా రాయకపోవడం అందరూ చేసే పొరపాట్లు. సీఈసీ పిల్లలకు అసలు టెన్షన్ అకౌంట్స్‌తో. ముగింపు లెక్కల్లో ఒక నియమం ఉంది. అంకణాలో (ట్రయల్ బ్యాలెన్స్‌లో) ఉన్న అంశం ఒక్కచోటే వస్తుంది, అంకణా కింద సర్దుబాటుగా ఇచ్చింది రెండుచోట్ల వస్తుంది. చెల్లించవలసిన వేతనాలు వర్తకపు ఖాతాలో వేతనాలకు కలుస్తాయి, అప్పుల వైపూ కనబడతాయి. తరుగుదల లాభనష్టాల ఖాతాకు ఎక్కుతుంది, ఆస్తిలోంచీ తగ్గుతుంది. ముగింపు సరుకు వర్తకపు ఖాతా క్రెడిట్ వైపూ, ఆస్తుల వైపూ ఉంటుంది. దీన్ని పేరాగ్రాఫుల్లో రాసుకోవడం శుద్ధ వృథా. సర్దుబాటు, మొదటి చోటు, రెండో చోటు అని మూడు గడుల పట్టీ ఒకటి గీసుకుని, రెండో, మూడో గడులు మూసి నింపుకుంటూ పోతే వారంలో పట్టు దొరుకుతుంది.

తెలుగు పేపరును చివరి వారానికి వాయిదా వేయడం అందరికీ అలవాటు. ఛందస్సు దగ్గర నోట్స్ చేసే తప్పు ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఉత్పలమాలకు భరనభభరవ, మత్తేభానికి సభరనమయవ అని గణాలు, యతిస్థానాలు పట్టికగా రాసి బట్టీ పడతారు, పరీక్షలో ఒకదాని గణాలు ఇంకోదానికి వేస్తారు. పోతన ‘సిరికిం జెప్పడు’ పద్యం కంఠతా వచ్చిన పిల్లకు పట్టిక అక్కర్లేదు. మొదటి పాదం రాసి గురులఘువులు గుర్తిస్తే మత్తేభం గణాలు అవే తేలతాయి, పద్నాలుగో అక్షరం దగ్గర యతి చెవికే తెలుస్తుంది. నాలుగు వృత్తాలకు నాలుగు పద్యాలు నోటికి వస్తే ఛందస్సు నోట్స్ అయిపోయినట్టే, పద్యాలు మిగలడం అదనపు లాభం.

మీడియం మారేవాళ్ల బాధ వేరు. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషుకు వచ్చిన పిల్లలు మొదటి మూడు నెలలు అర్థం కాని వాక్యాలను దింపుకుంటూ గడుపుతారు. ఆ నోట్స్ తర్వాత వాళ్లకే పనికిరాదు. వివరణ తెలుగులో, సాంకేతిక పదం ఇంగ్లీషులో రాసుకోవడానికి వాళ్లను ప్రోత్సహించాలి. ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాక ఇందులో నామోషీ ఏమీ లేదని తేలిపోయింది. అర్థం తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు వాక్యం రెండో మెట్టు. అర్థమే లేని ఇంగ్లీషు వాక్యం వాళ్లను ఎక్కడికీ తీసుకుపోదు.

కాలేజీ దాటాక నోట్స్ సరుకై పోతుంది. అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో జావా మొదలుకుని ప్రతి కోర్సుకూ ఎవరో క్లాసులో రాసిన రన్నింగ్ నోట్స్ కట్టలుగా దొరుకుతుంది. ప్రోగ్రామింగ్‌లో దాన్ని చదివి నేర్చుకున్నవాళ్లు లేరు. కోడ్ కొట్టినప్పుడు వచ్చిన ఎర్రర్, అది ఎందుకు వచ్చింది, ఎలా పోయింది అని సొంతంగా రాసుకున్న నాలుగు పేజీలే ఉద్యోగంలో పనికొస్తాయి. అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల గ్రూప్స్‌కు చదివేవాళ్లది దీనికి ఎదురు సమస్య. ఒకే పాలిటీకి మూడు కోచింగుల మెటీరియల్, దాని మీద సొంత నోట్స్, మళ్లీ దానికి షార్ట్ నోట్స్. నోటిఫికేషన్ వాయిదా పడ్డప్పుడల్లా కొత్తగా మొదలుపెట్టి రాస్తారు. ఇళ్ల దగ్గర అమ్మానాన్నలు పంపే డబ్బుతో ఏళ్లు గడుస్తున్నప్పుడు రాస్తూ ఉంటే చదువుతున్నట్టే అనిపిస్తుంది, ఆ భరోసా కోసమే రాయడం ఆగదు. ఒక పుస్తకం, ఒక నోట్స్, కొత్తగా తెలిసింది అందులోనే చిన్న కాగితం ముక్కగా అంటించడం, మిగతా టైమంతా పాత ప్రశ్నాపత్రాలు. అంతకు మించి రాయడం ఆ వయసులో వాళ్ల కాలాన్ని తినేస్తుంది.

ఇప్పుడు ఫోన్లోనే పాఠాన్ని సెకన్లలో కుదించి ఇచ్చే యాప్‌లు వచ్చాయి. కుదించడంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడమే నేర్చుకోవడం. ఆ పని యంత్రానికి ఇస్తే చేతికొచ్చేది ఇంకో టాపర్ నోట్స్, అంతే. అదే యాప్‌ను తన నోట్స్ మీద పది ప్రశ్నలు అడగమంటే నిజంగా ఉపయోగం ఉంది.

ఈ అలవాట్లకు మూలం బడిలోనే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినప్పుడు నిర్మాణాత్మక మూల్యాంకనంలో ‘రాత అంశాలు’ అని విడిగా మార్కులు పెట్టారు. పిల్లలు పాఠం చివరి ప్రశ్నలకు సొంత మాటల్లో, సొంతంగా ఆలోచించి రాయాలన్నది ఉద్దేశం. ఎంతో మంచి ఆలోచన అది. ఆచరణలో చాలా చోట్ల బోర్డు మీద రాసిన జవాబో గైడ్లో జవాబో నలభై నోట్‌బుక్కుల్లో ఒకే వాక్యాలతో కనబడుతుంది. టీచర్లను తప్పుపట్టడం తేలిక, కానీ అధికారి వచ్చి చూసేది నోట్‌బుక్ నిండిందా, ఎర్ర టిక్కులు పడ్డాయా అనే కదా. సొంత మాటల్లో రాసిన ఎనిమిదో తరగతి పిల్ల జవాబులో అక్షరదోషాలు ఉంటాయి, వాక్యాలు కుంటుతాయి. దిద్దడానికి రెట్టింపు టైం పడుతుంది.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. క్లాసు చివరి పది నిమిషాలు పుస్తకాలు మూయించి, ఆ రోజు విన్నదాంట్లో గుర్తున్నది నీలం పెన్నుతో రాయమనాలి. తర్వాత పుస్తకం తెరిచి, తప్పిపోయింది ఎర్ర పెన్నుతో చేర్చమనాలి. టీచరు దిద్దాల్సింది అంతా కాదు, ఎరుపు భాగం మీద ఒక చూపు వేస్తే చాలు. లెక్కల క్లాసులో ఎరుపు ఎక్కువగా కారణాల దగ్గర, సైన్సులో పేర్ల దగ్గర, సాంఘిక శాస్త్రంలో సంబంధాల దగ్గర పడుతుంది. నలభై మందిలో ముప్ఫై మందికి ఒకే చోట ఎరుపు ఉంటే మర్నాటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.